మర్ఫా పక్కన నా నాలుగు తీగలు

మొన్నామధ్య ఒకమ్మాయి, ఒకబ్బాయి మా ఇంటికి వచ్చారు. నా ముందు చిన్న మైకు పెట్టి, ఈ ఊళ్లో మొట్టమొదట ఫంక్ సంగీతం వాయించిన బ్యాండ్ మీదేనట కదా అని అడిగారు. పాత బ్యాండ్ల మీద ఏదో ఉత్సవం చేస్తారట. నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతారట. ఈ ఊరి ఎండలో మనిషికి శాలువా కప్పడం ఎవడు కనిపెట్టాడో గానీ నాకు ఆ మర్యాదంటేనే చిరాకు. పైగా "మొట్టమొదట" అనే మాట వింటే ఒళ్లు మండుతుంది. ఉద్యోగమంతా కొలతలు చూస్తూ గడిపినవాణ్ని. కొలవకుండా ఇది మొదటిది, అది రెండోది అని చెప్పడం నా వల్ల కాదు. మేం వాయించిన రోజుల్లో ఫంక్ అనే మాటే మాకు తెలియదని చెప్పి, చాయ్ ఇచ్చి పంపించాను. వాళ్లు వెళ్లాక మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాను. చెప్పాల్సిన మనిషి గురించి ఒక్క ముక్క చెప్పలేదే అని బాధ పట్టుకుంది. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో నాకు ఇరవై ఎనిమిదేళ్లు. కంచన్‌బాగ్‌లో లోహాలు తయారుచేసే ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో ఉండేవాణ్ని. కడ్డీలు, రేకులు కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర రంగు పూసి పక్కన పెట్టడం నా పని. ఆ బుద్ధిని సాయంత్రం గేటు దగ్గర వదిలేసి రావడం నాకు చేతనయ్యేది కాదు. జొన్నరొట్టె ఒక పక్క మందంగా ఉందని ఒకసారి నోరు జారానట. నా భార్య ఇప్పటికీ ఆ సంగతి ఎత్తిపొడుస్తుంది. సంతోష్‌నగర్‌లో మాది రెండు గదుల ఇల్లు, వెనక షాబాదు బండలు పరిచిన వాకిలి. మా బామ్మర్ది మాతోనే ఉండేవాడు. మా ఫ్యాక్టరీలోనే ఫర్నేసు దగ్గర పని, ఆదివారం పొద్దున చర్చిలో డ్రమ్స్.

వాడూ నేనూ కాక మా బ్యాండులో ఇంకో ఇద్దరుండేవాళ్లు. గిటార్ వాయించే మిత్రుడు, పాడే మిత్రుడు. క్రిస్మస్‌కి, ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి, చుట్టాల పెళ్లిళ్లకి సినిమా పాటలు వాయించేవాళ్లం. నాది బేస్ గిటార్. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు బ్యాండు విడిపోతే వాళ్ల దగ్గర కొన్నాను. లావుపాటి తీగలు నాలుగే, ధ్వని భూమిలోంచి వచ్చినట్టుండేది. దానికి యాంప్లిఫయర్ మా గిటార్ మిత్రుడు పాత రేడియో సామాన్లతో తయారుచేశాడు. స్పీకర్ పెట్టె మాత్రం మా వీధిలో బీరువాలు చేసే వడ్రంగి చేతి పని. ఆయన అలవాటు కొద్దీ దానికి కింద నాలుగు కాళ్లు, వెనక తలుపు, ఆ తలుపుకి గడియ పెట్టాడు. మా ఇంటికి వచ్చినవాళ్లంతా అది బియ్యం పెట్టె అనుకునేవాళ్లు.

ఒకసారి మా గిటార్ మిత్రుడి చిన్నాన్న, ఓడల్లో పనిచేసే ఆయన, ఒక విదేశీ రికార్డు తెచ్చాడు. అట్ట చిరిగిపోయి ఉంది. పాడేది ఎవరో, ఆ సంగీతాన్ని ఏమంటారో తెలియలేదు. మాటలూ సరిగా అర్థం కాలేదు. కానీ అందులో బేస్ వెనక నక్కి కూర్చోలేదు. ముందుకొచ్చి మాట్లాడుతోంది. మిగతా వాయిద్యాలన్నీ ఉన్నట్టుండి నోరు మూసుకుంటున్నాయి. విచిత్రమేమిటంటే, అవి నోరు మూసుకున్న చోటే నా ఒళ్లు కదులుతోంది. చప్పుడు లేనిచోట మనిషి ఎందుకు కదలాలి? ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. అన్నం తింటున్నా అదే, కడ్డీలు కొలుస్తున్నా అదే. రెండు నెలలు ఆ రికార్డు అరగదీసి సాధన చేశాం. స్వరాలన్నీ వచ్చాయి, కదలిక మాత్రం రాలేదు. పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్న మనిషిలా పాట బిగుసుకుపోయేది.

జవాబు దబీర్‌పురాలో దొరికింది, అది కూడా నా భార్యకి కోపం తెప్పించి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె పుట్టింటికి వెళ్లాలి. తను ఆటోలో అక్కడి రైల్వే స్టేషన్‌కి ముందు వెళ్లింది. నేను పొద్దునే తీసిన టికెట్టు జేబులో పెట్టుకుని సైకిల్ మీద వెనక బయల్దేరాను. స్టేషన్‌కి కాస్త ఇవతల ఒక పెళ్లివారి ఊరేగింపు అడ్డం వచ్చింది. పెళ్లికొడుకు ఇంటి నుంచి పెళ్లికూతురికి బట్టలు, మిఠాయిల పళ్లేలు తీసుకెళ్తున్నారు. ముందు మర్ఫా పార్టీ. మర్ఫా అంటే గిన్నెలాంటి చిన్న నగారా, పుల్లలతో కొడతారు. దాని వెంట ఢోలు, డప్పుల్లాంటి డఫ్‌లు. వీళ్ల తాతముత్తాతలు అరబ్బు దేశం నుంచి, ఆఫ్రికా నుంచి నిజాం ఫౌజులోకి వచ్చినవాళ్లని చెప్పుకుంటారు. సందు మూలన పాత పేపర్లు మండించి, ఆ సెగకి చర్మాలు బిగిసేదాకా కాచి, మొదలుపెట్టారు. ఎనిమిది మంది. అందరికంటే ముందు అరవైకి దగ్గరపడ్డ ఒక సన్నటి మనిషి, మెడలో మర్ఫా, తల మీద చేతి రుమాలు. అందరూ ఉస్తాద్ అంటున్నారు.

మసీదు ముందుకు రాగానే వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. అది వాళ్ల మర్యాద. మసీదు ముందైనా, చావు జరిగిన ఇంటి ముందైనా చప్పుడు చెయ్యరు. అడుగులు మాత్రం ఆగలేదు, అదే లెక్కలో పడుతూనే ఉన్నాయి. మసీదు గోడ దాటింది. అంతే, ఎనిమిది మంది చేతులూ ఒకేసారి పడ్డాయి. ఎవరూ సైగ చెయ్యలేదు, ఎవరూ "ఏక్ దో తీన్" అనలేదు. చప్పుడు లేని ఆ కాస్త దూరంలోనే పిల్లలు, ముసలివాళ్లు, తలుపు సందుల్లోంచి చూసే ఆడవాళ్లు అంతా ఊగుతున్నారు. రికార్డులో విన్నది ఇదే. నేను సైకిల్ నడిపించుకుంటూ వాళ్ల వెనకే వెళ్లిపోయాను. గంట తర్వాత టికెట్టు గుర్తొచ్చి స్టేషన్‌కి పరిగెత్తితే, బండి వెళ్లిపోయింది. నా భార్య ప్లాట్‌ఫారం మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ రోజు ఆమె అన్న మాటలు ఇక్కడ రాయను.

తెలివైనవాడైతే మర్నాడే వెళ్లి ఆ ఉస్తాద్‌ని అడిగేవాడు. నేను ఇన్‌స్పెక్షన్ సెక్షన్ వాణ్ని కదా, స్టాప్‌వాచ్ పట్టుకుని వెళ్లాను. మూడు ఊరేగింపుల వెంట తిరిగాను. వాళ్ల చేతుల మీదే కళ్లు పెట్టి, ఏ దెబ్బ ఎంత వ్యవధిలో పడుతోందో గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాను. చూస్తే ప్రతి వరసలో మూడో దెబ్బ కాస్త ఆలస్యంగా పడుతోంది. రెప్పపాటు కూడా ఉండదు గానీ కాగితం మీద తేడా కనబడుతోంది. ముసలాయన చెయ్యి బరువెక్కింది కాబోలు, మిగతావాళ్లు ఆయన్ని అనుసరిస్తున్నారు కాబోలు అనుకున్నాను. తప్పు దొరికితే దిద్దకుండా ఉండగలనా? ఆ మూడో దెబ్బని గీత మీదికి జరిపి, శుభ్రమైన లెక్క రాసి, మా బామ్మర్దితో నెల రోజులు సాధన చేయించాను. ఒక్క దెబ్బ అటూ ఇటూ కాలేదు. అంతా అయ్యాక వాడు డ్రమ్ పుల్లలు ఒళ్లో పెట్టుకుని, "బావా, ఇది పాట కాదు, ఫస్ట్ షిఫ్టు" అన్నాడు. నిజమే, మా ఫ్యాక్టరీలో రేకులు కోసే యంత్రం అచ్చంగా అలాగే మోగేది.

అప్పుడు సిగ్గు చంపుకుని ఉస్తాద్‌ని వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన రోజువారీ పని వరఖ్ కొట్టడం. మిఠాయిల మీద అంటిస్తారే వెండి రేకు, అది. తోలు పుస్తకంలో వెండి ముక్కలు పెట్టి, ఊదితే ఎగిరిపోయేంత పల్చన అయ్యేదాకా సుత్తితో కొడుతూనే ఉండాలి. దబీర్‌పురాలో ఇరుకు సందులో, చెక్కపలకలు పరిచిన చిన్న దుకాణం. ఒకవైపు ఆయన, ఎదురుగా ఆయన తమ్ముడు. ఆ తమ్ముడే పార్టీలో డఫ్ వాయిస్తాడు. రెండు సుత్తులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మార్చి మార్చి పడుతుండేవి. నేను గడపలో నిలబడి నా కథంతా చెప్పాను. ఉస్తాద్ నా మొహంలోకి కన్నార్పకుండా చూశాడు. చివరికి ఆయన అడిగింది ఒక్కటే.

"గా మీసం జర కత్తిరిస్తవా బేటా? నీ మాట కనవడ్తలేదు."

ఆయన తమాషా చేస్తున్నాడనుకున్నాను. అయినా కత్తిరించుకున్నాను. అప్పట్లో నాకు పెదవి కప్పేసేంత మీసం ఉండేది, దాని మీద నాకు మస్తు గర్వం. ఇంట్లో చూసి నా భార్య, తను మూడేళ్లు మొత్తుకున్నా వినని మనిషి ఎవరో ఉస్తాద్ అంటే తీసేశాడని, ఆ ఉస్తాద్‌ని తనకి కూడా పరిచయం చెయ్యమని ఒకటే నవ్వు.

ఆయన నేర్పించిన పద్ధతి నాకు ఒక పట్టాన అర్థం కాలేదు. గిటార్ తెచ్చుకోవద్దన్నాడు. స్టేషన్ గేటు నుంచి తన దుకాణం దాకా తన పక్కన నడవమన్నాడు. లెక్కపెట్టకూడదు. మధ్యలో ఆయన ఒకచోట మాట ఆపి, ఇంకోచోట నా భుజం మీద తట్టేవాడు. ఆ తట్టు ఎప్పుడు పడుతుందో నా ఒంటికి ముందే తెలియాలి. నేను లోపల్లోపల ఒకటి రెండు మూడు అనుకుంటూ నడిచేవాణ్ని, ఆయనకి వెంటనే తెలిసిపోయేది. నీ కాళ్లు క్లర్కు కాళ్లలెక్క నడుస్తున్నయి అనేవాడు. మూడో దెబ్బ ఎందుకు ఆలస్యంగా పడుతుందని అడిగాను. మనిషి అడుగు ఎత్తిన చోట దించడు కదా, ముందుకు పోయి దించుతాడు కదా, ఆ ముందుకు పోయే సేపు ఎవరిది, దెబ్బది కాదా అన్నాడు. ఆరేడు ఆదివారాలు అలా నడిచాక ఒక రోజు ఆయన చెయ్యి పడకముందే నా భుజం దానంతటదే ఎదురెళ్లింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నా కుతూహలానికి మర్యాద తెలియదు. ఆ మీసం సంగతి నన్ను తొలుస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం తమ్ముడు నమాజుకి వెళ్లినప్పుడు, ఉస్తాద్ అటు తిరిగి తోలు పుస్తకం సర్దుకుంటున్నాడు. నేను వెనక నుంచి పిలిచాను. పలకలేదు. గోడ మీద వేలితో గట్టిగా మర్ఫా వరస కొట్టాను. తిరగలేదు. అప్పుడు మడమతో దుకాణం చెక్క మీద అదే వరస, మెల్లగా తొక్కాను. ఆయన చెయ్యి పుస్తకం మీద ఆ వరసకి జవాబిచ్చింది. తర్వాత నెమ్మదిగా నావైపు తిరిగాడు.

"చెక్ చేస్తున్నవా? పాసా, ఫేలా?"

నా జన్మలో అంత సిగ్గుపడ్డ సందర్భం ఇంకోటి లేదు. కాళ్లు పట్టుకుందామనిపించింది. ఆయన నన్ను తిట్టలేదు, కూర్చోమన్నాడు. నలభై ఏళ్లు సుత్తి చప్పుడు పక్కన కూర్చుంటే చెవులు ఒక్కో మెట్టు దిగుతూ వచ్చాయట. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో ఏదో గాలి వీచినట్టు. మాటలు పెదవులు చూసి పట్టుకుంటాడు. పాటని అరికాళ్లతో, ఢోలు పక్కన ఉంటే గుండెతో. ఈ సంగతి తన తమ్ముడికి కూడా తెలియదట. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెవులు లేనోని ఎన్క ఎవడు నడుస్తడు బేటా? మా బాపు ముందు నడిచిండు, ఆయన బాపు నడిచిండు. ఎన్కకు వొమ్మంటే పోత. గని గా రోజు నాకు మర్ఫా లేనట్టే. నువ్వు ఎవ్వరికి చెప్పకు."

చెప్పనన్నాను. రహస్యాలు దాచడం నాకు అలవాటు లేదు, నేను అడిగేవాణ్నే గానీ దాచేవాణ్ని కాదు. ఆ రోజు నుంచి ఆయనతో ఎవరైనా వెనక నుంచి మాట్లాడితే, నేనే ముందుకెళ్లి ఆయన ఎదుట నిలబడి ఆ ప్రశ్న మళ్లీ అడిగేవాణ్ని. ఆయన బంధువులు నన్ను చూసి వీడికి పెద్దమనిషి ముందు ఎగబడటం ఎక్కువైందని అనుకునేవాళ్లు.

తర్వాత ఏడాదిలోనే మా బ్యాండు, వాళ్ల పార్టీ కలిసి వాయించడం మొదలైంది. ఎలా మొదలైందని అడిగితే, మా వాకిట్లో ఒక ఆదివారం అందరూ చాయ్ తాగుతుండగా మొదలైందనే చెప్పగలను. షాబాదు బండల మీద వాళ్లు చెప్పులు విప్పి నిలబడ్డారు. మా బామ్మర్ది డ్రమ్స్ తగ్గించి, మూడో దెబ్బని దాని ఇష్టానికి వదిలేశాడు. నేను మర్ఫా మాట్లాడేచోట నోరు మూసుకుని, అది నోరు మూసుకున్నచోట నాలుగు తీగల్లో అన్నింటికంటే లావైనదాన్ని మీటాను. పక్కింటి ఆడవాళ్లు గోడ మీదికి వంగారు. ఎదురింటి పెద్దాయన లొల్లి ఏందని తిట్టడానికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి మోకాలు ఆడించాడు. పేరు లేని ఆ సంగీతంతో పాతబస్తీలో, కంచన్‌బాగ్ కాలనీల్లో చాలా చోట్ల వాయించాం. అలాంటి బ్యాండ్లు ఆ రోజుల్లో ఇంకా కొన్ని ఉండేవి. ఒక పార్టీ మాండొలిన్‌తో, ఇంకోటి బాకాలతో తమ దారి తాము వెతుక్కునేవి. ఒకరి ఎత్తుగడ ఇంకొకరు ఎత్తుకుపోయేవాళ్లు, దాని గురించి హోటళ్లలో కూర్చుని పోట్లాడుకునేవాళ్లం. మేం వాయించేదానికి దగ్గరి చుట్టం పేరు ఫంక్ అని ఎనభైల్లో ఒక క్యాసెట్ అట్ట మీద చదివాకే తెలిసింది.

రేడియోలో వాయించమని పిలుపొచ్చింది. యువకుల కార్యక్రమంలో పది నిమిషాలు. నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఫ్యాక్టరీలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాను. స్టూడియో అంటే ఎలా ఉంటుందో ఆలోచించాల్సినవాణ్ని నేనొక్కణ్నే, ఎందుకంటే ఉస్తాద్ అరికాళ్ల సంగతి తెలిసింది నాకొక్కడికే అని అప్పటికి అనుకుంటున్నాను. ఆ ఒక్క విషయం తప్ప మిగతావన్నీ ఆలోచించాను.

ఆవరణలో కాగితాలు మండించి చర్మాలు కాచుకుని లోపలికి వెళ్లాం. గుమ్మం దగ్గర చెప్పులు విప్పమన్నారు. అడుగు పెట్టగానే నా ప్రాణం ఉసూరుమంది. నేలంతా మందపాటి తివాచీ, పాదం దిగబడేంత మెత్తన. గోడలకి చిల్లుల అట్టలు. అడుగు తొక్కితే చప్పుడు లేదు, అదురు లేదు. ఉస్తాద్ నడిచి తన చోట నిలబడి, ఒకసారి మడమ ఆనించి చూశాడు, మళ్లీ చూశాడు. మొహంలో రక్తం లేదు. రికార్డింగు మొదలైందని ఎర్ర దీపం వెలిగింది. మొదటి వరస బాగానే వచ్చింది. అందరం ఆగే చోటు దాటాక ఆయన దెబ్బ మా అందరికంటే ముందు పడింది. అద్దం వెనకున్న అధికారి ఆపించి, మళ్లీ మొదలుపెట్టమన్నాడు. ఈసారి వెనక పడింది. మూడోసారీ అంతే. అధికారి మర్యాదగానే, పెద్దాయన అలసిపోయినట్టున్నారు, ఆయన్ని కాసేపు కూర్చోబెట్టి మిగతావాళ్లతో తీద్దామా అని అడిగాడు. అదృష్టం, ఆ మాట స్పీకర్లోంచి వచ్చింది. అద్దం వెనక మైకు అడ్డొచ్చి పెదవులు కనబడలేదు కాబట్టి ఉస్తాద్‌కి తెలియలేదు.

ఇంతలో ఉస్తాద్ తమ్ముడు డఫ్ సరిచేసుకునే నెపంతో నా పక్కకి వచ్చాడు.

"కింద మెత్తగున్నది భాయ్. భాయ్‌జాన్‌కు కాళ్లల్ల ఏమందుతలేదు. బండల మీదనైతే మేం తొక్కి అందిస్తుంటిమి."

నీకెప్పటి నుంచి తెలుసని అడిగాను. ఆరేళ్లట. పార్టీలో అందరికీ తెలుసట. ఆయనకి అందాలని అందరూ అడుగు గట్టిగా వేస్తారట. భాయ్‌జాన్‌కి మాత్రం ఈ సంగతి తెలియకూడదన్నాడు. అంటే ఈ ఏడాదిన్నరగా నేను గుట్టుగా మోస్తున్న రహస్యం ఆయన వాళ్లకి తెలియకుండా, వాళ్లు ఆయనకి తెలియకుండా దాస్తున్నదే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, దానికి టైమూ లేదు.

నా స్పీకర్ పెట్టె గుర్తొచ్చింది. ఉస్తాద్ ఎదుటికి వెళ్లి, మైకు ఎత్తు సరిపోవడం లేదట, మీరు దీని మీద కూర్చుని వాయించాలట అని చెప్పాను. ఆయన నా పెదవుల్ని ఎప్పటికంటే ఎక్కువసేపు చూశాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు, పాదాలు రెండూ పెట్టెకి ఆనించి. నేను లావు తీగ ఒక్కసారి మీటాను. వడ్రంగి టేకు చెక్క మొత్తం వణికింది. ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. తల కాస్త ఊపాడు, కానీమన్నట్టు. ఒకే ఊపులో పది నిమిషాలు వాయించేశాం. ఆగిన చోట నేను ఆగకుండా లావు తీగ మీద వేలి కొన తాకిస్తూ ఉన్నాను, మైకుకి వినబడనంత మెల్లగా, పెట్టెకి మాత్రం తెలిసేలా. దాటిన చోట తొమ్మిదో చెయ్యి నాదే. మూడో దెబ్బ దాని సేపు అది తీసుకుని, పడాల్సిన చోట పడింది. నా జీవితంలో నేను వాయించింది అదొక్కటే అనిపిస్తుంది, మిగతావి ఊరికే మీటినవి.

బస్సులో వస్తూ ఉస్తాద్ నావైపు తిరిగి, మావోళ్లకు ఏమన్న అనుమానం వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. రెండు సీట్లు వెనక నుంచి తమ్ముడు నావైపే చూస్తున్నాడు. నాకు అప్పటి నుంచి నిద్ర పట్టలేదు. ఎందుకంటే అది రేడియోలో వచ్చే రోజు అందరూ ఒకచోట కూర్చుని వినాలని పార్టీవాళ్లు పట్టుబట్టారు. రేడియోకి అరికాళ్లు ఏం చేస్తాయి?

దబీర్‌పురాలో ఒక ఇరానీ హోటల్. ఆదివారం మధ్యాహ్నం. గల్లా పక్కన బల్ల మీద పెద్ద రేడియో. పార్టీ అంతా వచ్చింది, మా బ్యాండు వచ్చింది, మధ్యలో కుర్చీలో ఉస్తాద్, ఇస్త్రీ షేర్వానీలో. పెళ్లిళ్లకి బ్యాండ్లు కుదిర్చే ఇద్దరు పెద్దమనుషులు కూడా పక్క టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నారు. వీళ్ల మాట మీదే ఏ పార్టీ ఎక్కడికి పోవాలో తేలేది. రేడియోలో అనౌన్సర్ మొదలుపెట్టాడు. ఉస్తాద్ మా మొహాలు చూస్తూ, ఇక మొదలైందనుకుని, తల ఊపడం మొదలుపెట్టాడు. అనౌన్సర్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. పక్క టేబుల్ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వాయిద్యం మొదలైంది. ఆయన తల తప్పు చోట ఊగుతోంది. అప్పుడు తమ్ముడు టేబుల్ కింద కాలు లేపి బండ మీద తొక్కాడు. రేడియోలో ఏ వరస నడుస్తోందో ఆ వరస. తర్వాత ఢోలు వాయించే ఆయన. తర్వాత అందరూ. మా బామ్మర్ది, నేను. సాసర్లలో కప్పులు గలగలలాడాయి. గల్లా దగ్గరి మనిషి ఏమనబోయి మానేశాడు. ఉస్తాద్ తల ఆగిపోయింది. ఆయన మెల్లగా వంగి కిందికి చూశాడు. ఒక్కొక్కరి కాళ్లూ చూశాడు, చివరికి నా కాళ్లు. రేడియోలో అందరం ఆగే చోటు వచ్చింది. హోటల్లో నిశ్శబ్దం, అడుగులు మాత్రం పడుతూనే ఉన్నాయి. ఆయన చెయ్యి పైకి లేచింది. రేడియోలో దెబ్బ పడ్డ క్షణంలోనే ఆయన అరచెయ్యి టేబుల్ మీద పడింది.

పాట అయిపోయింది. ఉస్తాద్ తమ్ముడి పెదవుల వైపు చూస్తూ అడిగాడు.

"ఎన్నేండ్ల సంది?"

"ఆరేండ్లు, భాయ్‌జాన్."

ఆయన టేబుల్ కింద కాళ్లని ఇంకోసారి చూశాడు. తర్వాత షేర్వానీ జేబులోంచి మర్ఫా పుల్లలు తీసి తమ్ముడి ముందు పెట్టి, వచ్చే శుక్రవారం నుంచి ముందు నువ్వు నడువు అన్నాడు. తమ్ముడు వాటిని ముట్టుకోలేదు. పక్క టేబుల్ వాళ్లకి కూడా వినబడేలా చెప్పాడు.

"మేం నీ కాళ్లు జూసి కొడ్తం భాయ్‌జాన్. నువ్వు ఎన్కకు వోతే మేం ఎవరి కాళ్లు జూడాలె?"

మూడు ఊరేగింపుల వెంట స్టాప్‌వాచ్ పట్టుకుని తిరిగి, చేతులు తప్ప ఇంకేమీ చూడని నేను తల వంచుకున్నాను. ఉస్తాద్ తల మీది రుమాలు తీసి, ఎవరి ముందూ దాచుకోకుండా కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత పుల్లలు తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే జర మెల్లగ తొక్కుండ్రి. ఆరేండ్ల సంది మోకాళ్లు వోగొట్టుకున్నరు నా కోసం."

ఆ శుక్రవారం ఊరేగింపులో అందరికంటే ముందు ఆయనే నడిచాడు.